బ్రసెల్స్‌ను కాపాడిన మేయరుగారు

లండన్‌లో పొద్దున్నే ఇడ్లీ తిని యూరోస్టార్ రైలెక్కితే, భోజనాల వేళకు బ్రసెల్స్‌లో ఉండొచ్చు. ప్రయాణం దాదాపు రెండు గంటలే. అందుకే మన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఒక వారాంతం చూసుకుని ఆ ఊరు వెళ్ళి వస్తుంటారు. వెళ్ళినవాళ్ళందరూ చూసేవి ఇంచుమించు ఒకటే: గ్రాన్ ప్లాస్ అనే పెద్ద చౌకు, అక్కణ్ణించి నాలుగడుగుల దూరంలో మానెకెన్ పిస్ అనే బుల్లి బాలుడి విగ్రహం, దారిలో చాక్లెట్లు, వాఫుల్స్, ఫొటోలు. సాయంత్రానికి కాళ్ళు నొప్పులు, చేతినిండా సంచులు!

గ్రాన్ ప్లాస్ నుంచి ఆ బాలుడి విగ్రహం దగ్గరికి వెళ్ళాలంటే ఒక చిన్న వీధిలోంచి వెళ్ళాలి. గోడ మీద పేరు రెండు భాషల్లో ఉంటుంది. ఫ్రెంచిలో 'ర్యూ షార్ల్ బుల్స్', డచ్చిలో 'కారెల్ బుల్స్ స్ట్రాట్'. రోజూ వేలమంది ఆ వీధిలోంచి నడుస్తారు. తల ఎత్తి ఆ పేరు చదివేవాళ్ళు తక్కువ. చదివినా "ఎవరో పాతకాలపు పెద్దమనిషి" అనుకుని ముందుకు సాగిపోతారు. ఆ పెద్దమనిషి లేకపోతే మనం ఫొటోలు తీసుకునే ఆ చౌకు ఇప్పుడున్నట్టు ఉండేది కాదు. ఈసారి బ్రసెల్స్ వెళ్ళినప్పుడు ఆయన వెంట ఒక రోజు నడిచి చూడండి. కార్లు, బస్సులు అక్కర్లేదు. మంచి బూట్లుంటే చాలు.

కంసాలి కొడుకు

షార్ల్ బుల్స్ 1837లో బ్రసెల్స్‌లో పుట్టారు. తండ్రి బంగారు నగలు చేసే పనివాడు. కొడుకూ అదే విద్య నేర్చుకున్నాడు. పని మెళకువల కోసం పారిస్, ఇటలీ వెళ్ళి అక్కడి కట్టడాలు, బొమ్మలు, నగిషీలు చూసి వచ్చాడు. చిన్న ఉంగరం మీద రాయి వంకర పోకుండా పొదిగే చెయ్యి, తర్వాత ఒక నగరం మొత్తాన్ని అంత శ్రద్ధగానూ చూసింది. అదే ఆయన కథలోని అందం.

అప్పటికి బెల్జియం కొత్త దేశం. నెదర్లాండ్స్ నుంచి విడిపోయి స్వతంత్రం తెచ్చుకున్నది 1830లోనే. రాజకీయమంతా రెండు పక్షాల మధ్య నడిచేది. ఒకటి కాథలిక్ పక్షం, రెండోది 1846లో పార్టీగా ఏర్పడిన లిబరల్ పక్షం. వీళ్ళ మధ్య పెద్ద తగాదా బడి గురించే. పిల్లలకు చదువు ఎవరు చెప్పాలి? చర్చి ఆధ్వర్యంలోనా, ప్రభుత్వం ఆధ్వర్యంలోనా? లిబరల్స్ ప్రభుత్వ బడి కావాలన్నారు. బుల్స్ ఆ పక్షం మనిషి. 1864లో విద్యా సమితి ఒకటి ఏర్పడితే, దాని స్థాపకుల్లో ఆయనా ఒకరు. 1879లో నగరపాలనలో విద్యాశాఖ బాధ్యత చేపట్టి, 1881లో మేయరయ్యారు. 1899 వరకు, అంటే పద్దెనిమిదేళ్ళు, ఆ కుర్చీలో ఉన్నారు. మధ్యలో 1894 వరకు రెండు దఫాలుగా పార్లమెంటు సభ్యులుగా కూడా పనిచేశారు.

గ్రాన్ ప్లాస్: రెండుసార్లు పుట్టిన చౌకు

సరే, ఇక చౌకు మధ్యలోకి వచ్చి నిలబడండి. పొడవు 110 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. చుట్టూ ఇళ్ళన్నీ బంగారు పూతలతో, బొమ్మలతో, ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. ఇవి రాజుల కోటలు కావు. రొట్టెలు చేసేవాళ్ళు, బీరు కాచేవాళ్ళు, పడవలు నడిపేవాళ్ళు ఎవరి సంఘానికి వాళ్ళు కట్టుకున్న భవనాలు. ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క పేరు: హంస, నక్క, తోడేలు, నక్షత్రం... నంబర్లు లేని కాలంలో ఆ పేర్లే చిరునామాలు.

1695 ఆగస్టులో ఫ్రాన్స్ రాజు పధ్నాలుగో లూయీ సైన్యం మూడు రోజులపాటు బ్రసెల్స్ మీద ఫిరంగులు పేల్చింది. దాదాపు నాలుగు వేల ఇళ్ళు కాలిపోయాయి. ఫిరంగుల గురి ముఖ్యంగా టౌన్ హాలు మీద. చిత్రమేమిటంటే, చుట్టుపక్కల అన్నీ బూడిదైనా ఆ టౌన్ హాలు రాతి గోడలు, 96 మీటర్ల గోపురం మాత్రం నిలబడ్డాయి! ఆ తర్వాత నాలుగైదేళ్ళలోనే వృత్తి సంఘాలవాళ్ళు చౌకును తిరిగి కట్టేశారు. మనం చూస్తున్న ఇళ్ళ ముఖాలు చాలావరకు ఆనాటివే.

మరి రెండో పుట్టుక ఎప్పుడంటారా? బుల్స్ కాలంలో. ఫ్రెంచి విప్లవ సైనికులు ఎన్నో బొమ్మలు పగలగొట్టారు. వృత్తి సంఘాలు రద్దయ్యాయి, ఇళ్ళు చేతులు మారాయి. కొత్త యజమానులు నగిషీల మీద సున్నం పూసేశారు, కొందరు పైభాగాలు తీసేయించారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఈ చౌకు శోభ తరిగి, దుకాణాల కూడలిగా మిగిలింది.

బుల్స్ దీన్ని బతిమాలి బాగుచేయించలేదు. లెక్క ప్రకారం చేయించారు. 1883లో ఇళ్ళ యజమానులతో నగరానికి ఒప్పందాలు కుదిరాయి. ఇంటి ముందుభాగం మరమ్మతు, సంరక్షణ నగరానిదే. యజమాని ఏడాదికింత అని సొమ్ము కడతాడు. దానికి బదులుగా ఆ ముఖాన్ని తన ఇష్టం వచ్చినట్టు మార్చడు. ఇల్లు యజమానిదే, దాని ముఖం ఊరందరిదీ! పాత చిత్రాలు, నగర దస్త్రాలు వెతికి, ఏ బొమ్మ ఎక్కడుండేదో చూసుకుని శిల్పులు ఒక్కొక్క ఇంటినీ పూర్వరూపానికి తెచ్చారు. 1998లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిందంటే, దాని వెనుక ఆ ఒప్పందాల కాగితాలున్నాయి.

నక్షత్రపు ఇల్లు

టౌన్ హాలుకు ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు చిన్న ఇల్లొకటి కనిపిస్తుంది. పేరు 'లెత్వాల్', అంటే నక్షత్రం. దానికి కింది అంతస్తు లేదు. స్తంభాల మీద నిలబడి, కిందనుంచి మనుషులు నడిచేలా ఉంటుంది. దాని కథ ఇది. 1850లలో వీధి వెడల్పు చేయడం కోసమని ఈ ఇంటిని కూల్చేశారు. చౌకుకు ఆ మూల ఊడిన పన్నులా బోసిపోయింది. బుల్స్ 1897లో దాన్ని మళ్ళీ కట్టించారు. వెడల్పయిన దారి పోకూడదు, ఇల్లూ కావాలి. అందుకే పైన ఇల్లు, కింద దారి! ట్రాఫిక్కుకు, అందానికి మధ్య తగవు వస్తే ఇద్దరికీ చోటిచ్చే ఉపాయం అన్నమాట.

ఆ స్తంభాల కింద గోడకు పడుకున్న మనిషి కంచు శిల్పం ఉంటుంది. పేరు ఎవెరార్డ్ ట్ సెర్‌క్లాస్. 1356లో శత్రువుల చేతిలో ఉన్న బ్రసెల్స్‌ను రాత్రిపూట గోడలెక్కి విడిపించిన వీరుడు. 1388లో శత్రువుల దెబ్బలకు ఈ నక్షత్రపు ఇంట్లోనే కన్నుమూశాడని చెబుతారు. ఆయన చెయ్యి నిమిరితే అదృష్టమని నమ్మకం. లక్షల చేతులు తగిలి కంచు బంగారంలా మెరుస్తుంటుంది. అందరూ అక్కడ వరసలో నిలబడి చెయ్యి నిమిరి వెళ్ళిపోతారు. దాని పక్కనే 1899 నాటి మరో ఫలకం ఉంది, అది బుల్స్ గౌరవార్థం పెట్టింది. దాని దగ్గర వరస ఉండదు కాబట్టి తీరిగ్గా చూడొచ్చు.

ఆ వీధిలోంచి ఇంకొంచెం ముందుకు వెళితే మానెకెన్ పిస్. "ఇంతేనా!" అని పెద్దవాళ్ళు నిట్టూరుస్తారు, పిల్లలు మాత్రం పడీ పడీ నవ్వుతారు. ఆ బుల్లి బాలుడికి వెయ్యికి పైగా దుస్తులున్నాయి! వాటి కోసం పక్క వీధిలో 2017లో ప్రత్యేకంగా మ్యూజియం కూడా పెట్టారు. అసలు విగ్రహం గ్రాన్ ప్లాస్‌లోని నగర మ్యూజియంలో భద్రంగా ఉంది. వీధిలో ఉన్నది నకలు.

బడి కోసం పోరాటం

రైల్వే స్టేషన్ మిడీ నుంచి ఊరి మధ్యకు నడిచి వచ్చేవాళ్ళకు లెమోనియే బులెవార్ తగులుతుంది. అక్కడ విద్యా సమితి 1875లో 'నమూనా పాఠశాల' ఒకటి తెరిచింది. పిల్లలు పుస్తకం బట్టీ పట్టడం కాకుండా, వస్తువును కళ్ళతో చూసి చేత్తో తాకి నేర్చుకోవాలన్నది అక్కడి పద్ధతి. వ్యాయామం, చిత్రలేఖనం, ప్రకృతి పరిశీలన కోసం ఊరి బయటికి నడక, ఇవన్నీ పాఠాల్లో భాగమే. ఈ రోజు మన పిల్లల బడుల్లో ఇదంతా మామూలే. 1875లో ఇది వింత.

1879లో లిబరల్ ప్రభుత్వం ప్రాథమిక విద్యను చర్చి చేతినుంచి తప్పిస్తూ చట్టం తెచ్చింది. దేశం రెండుగా చీలిపోయింది. దీన్ని చరిత్రలో 'బడుల యుద్ధం' అంటారు. 1884 ఎన్నికల్లో లిబరల్స్ ఓడిపోయారు. కొత్తగా వచ్చిన కాథలిక్ ప్రభుత్వం చట్టాన్ని తిరగదోడింది. దీనికి అభ్యంతరం చెబుతూ అనేక ఊళ్ళ పాలకులు ఏకమై రాజు రెండో లియోపోల్డ్‌కు మొర పెట్టుకున్నారు. వాళ్ళకు ముందు నిలిచింది బుల్స్. రాజు విన్నాడు, అయినా చట్టం మీద సంతకం చేశాడు. రాజుకూ మేయరుకూ అభిప్రాయభేదం రావడం అదే చివరిసారి కాలేదు.

ఏ భాషలో చదవాలి?

ఇక మన ఇళ్ళలో రోజూ నలిగే విషయానికి వద్దాం.

ఆ రోజుల్లో బ్రసెల్స్ సామాన్య జనంలో ఎక్కువమంది ఇళ్ళలో డచ్చి భాషకు చెందిన ఫ్లెమిష్ మాండలికం మాట్లాడేవారు. కోర్టులో, కచేరీలో, పెద్ద ఉద్యోగాల్లో మాత్రం ఫ్రెంచే. బడిలో కూడా పిల్లవాడు మొదటిరోజు నుంచీ ఫ్రెంచిలోనే కూర్చోవాలి. టీచరు చెప్పేది అర్థం కాక కళ్ళప్పగించి చూస్తుండే పిల్లలు ఎందరో.

బుల్స్‌కు రెండు భాషలూ బాగా వచ్చు. 1880ల మొదట్లో నగర పాఠశాలల్లో ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. ఫ్లెమిష్ ఇళ్ళ పిల్లలకు మొదటి తరగతులు అమ్మభాషలో మొదలవుతాయి. ఆ పునాది మీద ఫ్రెంచి మెల్లమెల్లగా పెరుగుతుంది. చివరికి పిల్లవాడు రెండు భాషలతో బయటికి వస్తాడు. ఆయన వాదన తేలికే: తెలిసిన భాషలో ఆలోచించడం నేర్చుకున్న పిల్లవాడికి రెండో భాష సులువుగా పట్టుబడుతుంది.

దీనికి అడ్డం తగిలిందెవరు? చుట్టుపక్కల మునిసిపాలిటీల పెద్దలు కొందరు వ్యతిరేకించారు. వాళ్ళతోపాటు ఫ్లెమిష్ తల్లిదండ్రులు కూడా చాలామంది ఇష్టపడలేదు! "మా భాష ఇంట్లో ఉండనే ఉంది. బడిలో ఫ్రెంచి చెప్పండి, రేపు ఉద్యోగం రావాలి" అన్నది వాళ్ళ మనసు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? హైదరాబాద్‌లో, విజయవాడలో, ఇక్కడ మన ఊళ్ళలో, ఎక్కడ తెలుగు బడి పెట్టినా మనం మొదట వినేది ఇదే. ఆ తల్లిదండ్రులను తప్పు పట్టలేం. బిడ్డకు అన్నం పెట్టే భాష కావాలనుకోవడం ప్రేమే. కానీ రెండు మూడు తరాలు గడిచేసరికి బ్రసెల్స్‌లో చాలా ఇళ్ళలో "ఇంట్లో ఉండనే ఉంది" అనుకున్న భాష ఇంట్లో కూడా లేకుండా పోయింది. ఊరి ప్రధాన భాష ఫ్రెంచి అయిపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. 1898లో చట్టాల విషయంలో డచ్చికి ఫ్రెంచితో సమాన హోదా వచ్చింది. ఈనాడు బ్రసెల్స్ అధికారికంగా ద్విభాషా నగరం. వీధి పేర్లు, స్టేషన్ బోర్డులు రెండు భాషల్లోనూ కనిపిస్తాయి. ఇంకో ముచ్చట చెప్పనా? ఇప్పుడు బ్రసెల్స్‌లోని డచ్చి బడుల్లో చదివే పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో డచ్చి మాట్లాడని కుటుంబాలవాళ్ళే. రెండు భాషలు వస్తే ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులు ఏరికోరి చేర్పిస్తున్నారు. అలనాడు ఉద్యోగం కోసం వదులుకున్న భాషను, ఈనాడు ఉద్యోగం కోసమే నేర్పిస్తున్నారు!

రాజుగారితో పేచీ

బుల్స్ కంటే ముందు మేయరుగా పనిచేసిన జూల్ ఆన్‌స్పాక్ కూడా లిబరలే. కానీ ఆయన దారి వేరు. ఊరి మధ్య పారే సెన్ నది మురికికూపంగా మారి రోగాలు పుట్టిస్తుంటే, 1867లో మొదలుపెట్టి నదిని భూమి కిందికి పంపి, పైన పారిస్ తరహాలో వెడల్పాటి రోడ్లు వేయించారు. ఈ రోజు మీరు బ్రసెల్స్‌లో ఎంత వెతికినా ఊరి మధ్య నది కనిపించదు. మురికి పోయింది నిజమే. దాంతోపాటు పాత పేటలు, వాటిలోని పేద కుటుంబాలూ పోయాయి.

దీన్నంతా చూసిన బుల్స్ 1893లో 'నగరాల సౌందర్యం' అన్న అర్థం వచ్చే పేరుతో చిన్న పుస్తకం రాశారు. వంకర వీధి కాబట్టి కూల్చెయ్యాలి అనుకోకూడదని, ఆ వంపులోనే ఊరి చరిత్ర ఉందని, కొత్త రోడ్డు నిజంగా అవసరమైన చోటే వెయ్యాలని ఆయన వాదన. ఈ చిన్న పుస్తకం ఇతర భాషల్లోకి కూడా వెళ్ళింది.

రాజు లియోపోల్డ్‌కు మాత్రం గొప్ప గొప్ప రోడ్లు, భారీ కట్టడాలు కావాలి. ఆ రాజు 1885 నుంచి 1908 వరకు ఆఫ్రికాలోని కాంగోను తన సొంత ఆస్తిగా ఏలినవాడు. రబ్బరు కోసం అక్కడి ప్రజలను పెట్టిన హింస చరిత్రకెక్కింది. బెల్జియంలో ఆయన కట్టించిన ఎన్నో ఆర్భాటపు కట్టడాల వెనుక ఆ కాంగో సొమ్ముంది. అందమైన ఊళ్ళు చూసేటప్పుడు ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

రాజు కన్ను గ్రాన్ ప్లాస్‌కు ఎగువన ఉన్న సాన్ రోక్ పేట మీద పడింది. ఇరుకు సందుల ఆ పేటను తీసేసి 'మోన్ దెజార్', అంటే కళల కొండ, నిర్మించాలని పథకం. బుల్స్ ఒప్పుకోలేదు. విభేదాలు ముదిరి 1899 డిసెంబరులో మేయరు పదవికి రాజీనామా చేశారు. పద్దెనిమిదేళ్ళ పదవి, ఊరంతా గౌరవం. ఊరుకుని ఉంటే ఇంకా సాగేదే.

పేట నేలమట్టమైంది. కానీ అనుకున్న మహా కట్టడానికి దారి దొరకలేదు. 1910 ప్రపంచ ప్రదర్శన వస్తోందని, ఖాళీ నేల కనబడకుండా తాత్కాలికంగా ఒక తోట వేశారు. ఆ 'తాత్కాలిక' తోటే దశాబ్దాలపాటు ఉండిపోయింది! ఇప్పుడున్న మెట్లు, తోట, భవనాలు 1950ల తర్వాతివి. గ్రాన్ ప్లాస్ నుంచి అయిదు నిమిషాల నడక. సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుంటే టౌన్ హాలు గోపురం ఎదురుగా వెలుగుతూ కనిపిస్తుంది. కిందున్నది ఆయన నిలబెట్టింది, కూర్చున్న చోటు ఆయన నిలబెట్టలేకపోయింది.

బెంచీ మీద ముసలాయన

పదవి వదిలాక బుల్స్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, వెళ్ళివచ్చి పుస్తకం రాశారు. 1903లో ఆయన చొరవతో పాత బ్రసెల్స్ అధ్యయన సంఘం ఏర్పడింది. కూలిపోయేలోగా పాత ఇళ్ళ ఫొటోలైనా మిగలాలని వాళ్ళు వీధి వీధీ తిరిగారు. 1914 జులైలో ఆయన కన్నుమూశారు. దాదాపు మూడు వారాలకు జర్మన్ సైన్యం బెల్జియంలోకి అడుగుపెట్టింది.

గ్రాన్ ప్లాస్‌కు దగ్గర్లోనే అగోరా చౌకు ఉంది. అక్కడి ఫౌంటెన్ అంచున గడ్డం పెద్దాయన ఒకరు తీరిగ్గా కూర్చుని ఉంటారు, పక్కనే కుక్క. శిల్పి హెన్రి లెనార్ట్స్ చేసిన బుల్స్ విగ్రహం అది. 1999లో పెట్టారు. ఎత్తయిన దిమ్మ లేదు, చేతిలో కత్తి లేదు, గుర్రం లేదు. పిల్లలు వెళ్ళి పక్కనే కూర్చోవచ్చు, కుక్క తల నిమరొచ్చు.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంగెన్ వీసా తప్పనిసరి. ముందే చూసుకోండి. సరి సంఖ్య సంవత్సరాల్లో ఆగస్టు నెలలో వెళ్ళగలిగితే గ్రాన్ ప్లాస్ నిండా పరిచే పూల తివాచీ చూడొచ్చు. మన సంక్రాంతి ముగ్గుల్లో పెరిగిన కళ్ళకు పండగే! శాకాహారులకు ఒక హెచ్చరిక: బెల్జియం ఫ్రైస్‌ను సంప్రదాయంగా పశువుల కొవ్వులో వేయిస్తారు. కొనేముందు నూనె సంగతి అడగండి. వాఫుల్స్ కొనేటప్పుడు గుడ్డు తినని పెద్దవాళ్ళు కూడా అడిగి తీసుకోవడం మంచిది. చాక్లెట్ ప్రియులు సాన్ హ్యూబెర్ గ్యాలరీల్లోకి వెళ్ళండి. లోపల పూరణం పెట్టిన 'ప్రలీన్' చాక్లెట్ 1912లో పుట్టింది అక్కడి నాయ్‌హాస్ దుకాణంలోనే.

పిల్లలూ! మీకో ఆట. గ్రాన్ ప్లాస్‌లో ఇవి వెతికి పట్టుకోండి:

1. హంస, నక్క, తోడేలు ఉన్న ఇళ్ళు ఏవి?
2. టౌన్ హాలు గోపురం సరిగ్గా మధ్యలో ఉందా? రెండు వైపులా కిటికీలు లెక్కపెట్టండి.
3. కింది అంతస్తు లేని ఇల్లు ఏది? దాని కింద నుంచి వెళ్ళే వీధి పేరు రెండు భాషల్లోనూ రాసుకోండి.
4. ఆ పేరునే తెలుగులో కూడా రాసి, ఇంటికొచ్చాక అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి ఆయనెవరో మీరే తెలుగులో చెప్పండి!